జానపద ఆల్బమ్‌లో వాయించినవాళ్లకూ పేర్లుంటాయి

సంపాదకులకు నమస్కారం.

తాడిపత్రిలో నాకు మైక్‌సెట్ ఉంది. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు, దేవర్లకు అంటే ఊరి దేవతల జాతరలకు, చేతుల్లో చెక్కలు వాయిస్తూ అడుగులేసే చెక్కభజనలకు మైకులు పెడుతున్నాను. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి కూడా చాలాసార్లు పోయాను. పాటలో ఏ రాగం ఉందో చెప్పేంత సంగీతం నేను నేర్చుకోలేదు. కానీ వినబడుతున్నది ఏ వాద్యం, దాన్ని మనిషి వాయించాడా లేక కీబోర్డులోంచి వచ్చిందా అనేది మాత్రం గట్టిగా చెప్పగలను. మీ ఆదివారం పేజీలో కొత్త ఆల్బమ్‌ల మీద వచ్చే సమీక్షలు ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒకే పేజీలో మూడు ఆల్బమ్‌ల గురించి రాశారు. ఒకటి రాక్, ఒకటి పాప్, ఒకటి మా జిల్లా జానపదాలతో చేసింది. రాక్ ఆల్బమ్‌కు దాదాపు సగం పేజీ ఇచ్చారు. గిటార్ ఎవరు వాయించారు, బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, మిక్సింగ్ ఎక్కడ చేశారు, రెండో పాటలో సోలో ఎందుకు సాగినట్టు అనిపించింది, ఇవన్నీ ఉన్నాయి. చదివి ఆ ఆల్బమ్ విన్నాను. మీ సమీక్షకుడు చెప్పింది నిజమే. జానపదానికి పదకొండు లైన్లు ఇచ్చారు. అందులో ‘మట్టి వాసన’ రెండుసార్లు, ‘పల్లె గుండె చప్పుడు’ ఒకసారి వచ్చాయి. చివర్లో ‘నేపథ్యంలో డ్రమ్స్ బాగున్నాయి’ అని రాసి మూడు నక్షత్రాలు వేశారు.

అవి డ్రమ్స్ కావు సార్. ఉరుములు. నడుము సన్నగా, రెండు పక్కలా చర్మం బిగించిన వాద్యం. ఒక పక్క పుల్లతో కొడతారు, రెండో పక్క వంకర పుల్లతో చర్మం మీద రాస్తారు. ఆ రాపిడిలోంచి మేఘం గర్జించినట్టు ఒక శబ్దం సాగుతుంది. అందుకే దానికి ఆ పేరు. మా వైపు దేవర చేసేటప్పుడు ఉరుములోళ్లు వచ్చి నిలబడితే ముసలివాళ్లు కూడా లేచి నిలబడతారు. ఆ సాగే శబ్దాన్ని మైకులో పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. మైకు దగ్గరగా పెడితే దెబ్బ మాత్రమే వినబడుతుంది, గర్జన పోతుంది. దూరంగా పెడితే జనం గోల కలుస్తుంది. ఆ ఆల్బమ్ రికార్డు చేసిన కుర్రవాళ్లు దాన్ని చక్కగా పట్టారు. మెచ్చుకోవాల్సింది అక్కడే ఉంది. మీ సమీక్షకుడు బహుశా ఫోన్ స్పీకర్‌లో విని ఉంటాడు. అంత చిన్న స్పీకర్‌లో కింది శబ్దం రాదు, టకటకమని దెబ్బలే వస్తాయి. మంచి హెడ్‌ఫోన్స్‌తోనో బాక్సుల్లోనో విని రాయాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఆ ఉరుములు వాయించిన నలుగురూ నాకు తెలుసు. వాళ్ల కార్యక్రమాలకు నేనే మైకు పెడతాను. అందులో పెద్దాయనకు డెబ్బై దాటాయి. రికార్డింగ్ కోసం పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు పోయి, రాత్రి దాకా స్టూడియోలో వాయించి వచ్చారు. పాట ఫోన్లలోకి వచ్చాక చూస్తే వాద్యకారుల దగ్గర ‘జానపద బృందం’ అని ఉంది. పాడిన అమ్మాయి పేరుంది, సంగీతం చేసినవాళ్ల పేరుంది, ముఖచిత్రం గీసినవాళ్ల పేరు కూడా ఉంది. మీ పత్రికలో సమీక్ష వచ్చిందని తెలిసి పెద్దాయన నా షాపుకు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. పదకొండు లైన్లూ నేనే చదివి వినిపించాను. అంతా విని, ‘మా పేర్లు యాడున్నాయప్పా? ఇంగోసారి సూడు’ అన్నాడు. నేను నిజంగానే ఇంకోసారి చదివాను.

మీ సమీక్షకులు తప్పు తీర్పు చెప్పారని నేను అనడం లేదు. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. 1969లో లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని తీసిపారేసింది. తర్వాత లోకమంతా ఆ బ్యాండును నెత్తిన పెట్టుకుంది, అది వేరే సంగతి. ఆ సమీక్షలో కూడా ఆ బ్యాండు గిటారిస్టు జిమ్మీ పేజ్ గిటార్ బాగా వాయిస్తాడు గానీ పాటలు రాయడంలో బలహీనుడు అని పేరు పెట్టి రాశారు. తిట్టినా మనిషిని గుర్తించి తిట్టారు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే రాక్ బ్యాండు వాయిస్తే, సౌండ్ సిస్టమ్ చూద్దామని నేనూ పోయాను. ముగ్గురు గిటారిస్టుల్లో ఎవరు ఏది వాయిస్తారో నాకు పత్రికల్లో చదివే తెలిసింది. ఆ శ్రద్ధ మా ఉరుములోళ్ల మీద ఎందుకు లేదన్నదే నా బాధ.

జానపదానికి రచయిత ఉండడు కదా, ఎవరి పేరు రాయాలి అని మీరు అడగొచ్చు. పాట కట్టినవాళ్లు తెలియకపోవచ్చు, వాయించినవాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు. కన్నడంలో రఘు దీక్షిత్ బృందం 2008లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో ఎప్పుడో పోయిన కన్నడ సాధుకవి శిశునాళ షరీఫ్ తత్వాలున్నాయి. దాని మీద నేను చదివిన సమీక్షల్లో షరీఫ్ పేరు కనిపించింది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శన ఇచ్చినవాళ్లకు తమ పేరు చెప్పించుకునే హక్కు కూడా చేర్చారని మా ఊరి లాయరు ఒకాయన చెప్పి, ఆ సెక్షన్ కూడా చూపించాడు. ఆల్బమ్ చేసినవాళ్లు ఆ పని చేయకపోతే ఆ మాట రాయాల్సింది సమీక్షకుడే.

ఇంకో సంగతి. ఈ మధ్య జానపదం పేరుతో వస్తున్న చాలా పాటల్లో డప్పు మనిషి వాయించింది కాదు, లూప్, అంటే ఒకే ముక్కను మిషను మళ్లీ మళ్లీ తిప్పడం. డప్పును మంట దగ్గర కాచి వాయిస్తారు. చర్మం చల్లబడేకొద్దీ గొంతు మారుతుంది, మళ్లీ కాచాలి. ఏ రెండు దెబ్బలూ ఒకేలా ఉండవు. లూప్‌లో మొదటి దెబ్బ ఎలా ఉందో రెండొందలో దెబ్బా అలాగే ఉంటుంది. చెక్కభజన కూడా అంతే. నెమ్మదిగా మొదలై, అడుగు మారేకొద్దీ వేగం పెరిగి, చివరికి చూసేవాళ్ల కాళ్లు కూడా ఆగవు. స్టూడియోలో వేగం తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంలో వాయిస్తే అడుగులు మారతాయి గానీ ఉడుకు పుట్టదు. నాలుగు నిమిషాలూ గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. ఈ తేడా మీ పేజీలో నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. పాప్ పాటలో గొంతును మిషనుతో సరిచేశారని గుర్తుపట్టి రాసే మీ సమీక్షకుడికి ఇది కూడా వినబడుతుంది. కావాల్సిందల్లా ఒకసారి అసలు చెక్కభజన ముందు కూర్చోవడం. ఏ ఊర్లో ఎప్పుడు ఉందో నేను చెబుతాను, మిక్సర్ పక్కనే కుర్చీ వేస్తాను.

ఆ నలుగురినీ అడిగి, వాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా, ఎవరు కొట్టారో ఎవరు వంకర పుల్లతో రుద్దారో కూడా, వేరే కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను. వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి. పెద్దాయన ఆ రోజు పొద్దున్నే షాపుకు వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక మైక్‌సెట్ యజమాని,
తాడిపత్రి, అనంతపురం జిల్లా