శిబిరంలో లేనివారూ నిర్వాసితులే

సంపాదకులకు,

వరద బాధితులకు తమ ఇళ్లలో చోటివ్వాలని ప్రజలను కోరుతూ మీరు రాసిన సంపాదకీయం చదివాను. మేమూ ఒక కుటుంబానికి చోటిచ్చాం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలావిడ. మాకు బంధువులు కారు, అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. మేడ మీది గదులు ఖాళీగా ఉంటే ఇచ్చాం. పక్కలు సర్దడం, భోజనం పెట్టడం ఏమంత పని కాదు. వాళ్లు మన ఇంట్లో ఒదిగి ఒదిగి తిరగకుండా చూడడమే అసలు పని. ఆ పెద్దావిడ తెల్లారకముందే లేచి మా వాకిలి ఊడ్చేసేది. వద్దంటే నొచ్చుకునేది. మేడ మీద వాళ్లకంటూ ఒక స్టవ్వు, నాలుగు గిన్నెలు అమర్చి, తాళంచెవి చేతికిచ్చాక ఆ పూట తనే వండి మాకు గిన్నెతో పంపింది. మర్నాటి నుంచి చీపురు జోలికి రాలేదు. అప్పటి నుంచి మేం కూడా కింద నుంచి ఒక కేక వేసి గానీ మెట్లెక్కేవాళ్లం కాదు.

‘ఎన్నాళ్లయినా ఉండండి’ అనడం మర్యాదే. కానీ ఆ మాటతో వాళ్లకు రోజులు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది. పిల్లల పరీక్షలయ్యేదాకా ఇల్లు మీదే అని గడువు చెప్పాక వాళ్ల మొహాలు తేటపడ్డాయి. పలకరింపుకని వచ్చినవాళ్లు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఏమేం పోయాయి అని అడగకుండా చూడడం కూడా ఇంటివాళ్ల బాధ్యతే. ఆ ప్రశ్న వినపడితే చాలు, చిన్నపిల్లాడు లేచి బయటికి వెళ్లిపోయేవాడు. తడిసి ముద్దయిన సర్టిఫికెట్లను, ఇంటి కాగితాలను మేమంతా కూర్చుని ఒక్కొక్కటే విడదీశాం. మధ్యలో తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టాం. ఎండలో పెట్టినా, ఇస్త్రీ చేసినా పాడవుతాయి. ఇది అందరికీ తెలియాల్సిన విషయం.

ఇంతవరకూ మా చేతిలో ఉన్నది చేశాం. మా చేతిలో లేనిది ఒకటుంది. సాయం అందాల్సినవారి జాబితా శిబిరంలో రాశారు. మా ఇంట్లో ఉంటున్న పిల్లల తండ్రి వెళ్లి అడిగితే, ‘మీరు ఎవరింట్లోనో ఉంటున్నారుగా’ అన్నారట. నష్టం అంచనాకు వచ్చినవాళ్లేమో మునిగిన ఇంటికి తాళం చూసి వెళ్లిపోయారు. శిబిరానికి భారం కాకుండా ఉన్నందుకు వాళ్ల పేరే లేకుండా పోయింది!

ఐక్యరాజ్యసమితి 1998లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాలు ప్రకృతి వైపరీత్యాల వల్ల ఇల్లు విడిచినవారినీ నిర్వాసితులుగానే గుర్తించాయి. శిబిరంలో ఉంటేనే అన్న షరతు అందులో ఎక్కడా లేదు. ఆశ్రయమిచ్చే ఇళ్లను పట్టించుకోకపోతే ఏమవుతుందో హైతీ దేశంలో చూశాం. 2010 భూకంపం తర్వాత లక్షల మంది రాజధాని వదిలి పల్లెల్లోని బంధువుల ఇళ్లకు చేరారు. వచ్చినవారికి పెట్టడానికి కొన్ని రైతు కుటుంబాలు విత్తనాలకు దాచుకున్న గింజలు కూడా వాడేసుకున్నాయి. చోటిచ్చేవాళ్లందరూ ఉన్నవాళ్లే కాదు. చాలాసార్లు బాధితులు చేరేది తమలాంటి బీదవాళ్ల గూటికే. ఒక మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల నివాస స్థలం, తాగడానికీ వాడుకకూ రోజుకు 15 లీటర్ల నీళ్లు ఉండాలని అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒకే గదిలో ఉంటున్న కుటుంబం మీద మరో ఐదుగురు పడితే ఆ కొలతలు ఎక్కడ నిలుస్తాయి?

అందుకే అధికారులను కోరేది ఇది. శిబిరాల్లో పెట్టినట్టే, ఇళ్లలో తలదాచుకున్నవారి కోసమూ ఒక రిజిస్టరు పెట్టండి. చోటిచ్చినవారి వివరాలు, ఉంటున్నవారి వివరాలు రెండూ అందులో ఉండాలి. ఆడవాళ్లు, పిల్లలు తెలియని ఇంట్లో ఉంటున్నప్పుడు వారి భద్రతకూ అది అవసరం. శిబిరంలో ఇచ్చే సరుకులు ఆ ఇంటి చిరునామాకూ చేరాలి. నష్టం అంచనాకు వచ్చే తేదీని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. తాళం తీసి చూపించడానికి వాళ్లు వస్తారు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు