జూన్ 6నే ఎందుకు?

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల అధీనంలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై సముద్రం మీదుగా మిత్రపక్షాలు చేసిన దాడికి 1944 జూన్ 6నే ఎందుకు ఎంచుకున్నారని అడిగావు. వాతావరణం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆటుపోట్ల లెక్కే అసలు విషయమనిపిస్తుంది.

శత్రువు పోటు వేళ దిగుతాడని ఊహించిన జర్మన్ సేనాని రోమెల్, నీరు పెరిగినప్పుడు మునిగి పడవల అడుగును చీల్చేలా ఇనుప దూలాలను, మందుపాతరలు కట్టిన గుంజలను తీరం పొడవునా నాటించాడు. అందుచేత మిత్రపక్షాలు ఆటు ముగిసి నీరు తిరిగి పెరగడం మొదలైన వేళ దిగాలని నిశ్చయించాయి. అప్పుడైతే అడ్డంకులు కంటికి కనిపిస్తాయి, ఇంజనీర్లు వాటిని పేల్చివేయగలరు, ఖాళీ అయిన పడవలను పెరిగే నీరే లేపుతుంది. దానికి మూల్యంగా సైనికులు తూటాలకు ఎదురుగా బయలు ఇసుకపై చాలా దూరం నడవాలి. ఈ ఆటు తెల్లవారిన కొద్దిసేపటికే రావాలి, ముందు రాత్రి పారాచూట్ దళాలకు వెన్నెల ఉండాలి. ఇవన్నీ కలిసి వచ్చేది జూన్ 5, 6, 7 తేదీల్లోనే. ఆటుపోట్ల పట్టికను బ్రిటిష్ నిపుణుడు ఆర్థర్ డూడ్సన్ యంత్రంపై లెక్కగట్టాడు. ఆయనకు పంపిన కాగితాల్లో తీరం పేరు లేదు, ‘పొజిషన్ జెడ్’ అని మాత్రమే ఉంది. ఆటు అన్నిచోట్లా ఒకే గడియకు రాదు కనుక అమెరికన్లు ఉదయం 6:30కు, బ్రిటిష్ దళాలు దాదాపు గంట తర్వాత దిగాయి.

ఇసుకనూ అంతే జాగ్రత్తగా పరీక్షించారు. 1942లో మిత్రపక్షాలు దాడి చేసిన ఫ్రాన్స్‌లోని దియెప్ తీరంలో గులకరాళ్లు టాంకుల గొలుసు పట్టాలను స్తంభింపజేసిన అనుభవం ఉంది కదా! 1943 డిసెంబరు 31 రాత్రి ఇద్దరు బ్రిటిష్ సైనికులు జర్మన్ కాపలాల నడుమ ఈదివచ్చి నార్మండీ ఇసుక నమూనాలు తీసుకుపోయారు. ఆ ధైర్యం నాకు దాడికంటే తక్కువేమీ కాదనిపిస్తుంది.

ఇంత చేసినా సముద్రం తన పని తాను చేసింది. అమెరికన్లు దిగిన తీరాలకు ఒమాహా, యూటా అని రహస్య పేర్లు పెట్టారు. ఒమాహాలో ఒక బెటాలియన్ నీటిలోకి దించిన 29 తేలే టాంకుల్లో 27 మునిగిపోయాయి. యూటా దగ్గర ప్రవాహం పడవలను సుమారు 2 కిలోమీటర్లు పక్కకు నెట్టింది; అక్కడ రక్షణ బలహీనంగా ఉండటం అదృష్టం.

జూన్ 5న అనుకున్న దాడిని గాలివానవల్ల ఒక రోజు వాయిదా వేశారు. వాతావరణ నిపుణుడు స్టాగ్ ఆరో తేదీన కొంత తెరిపి ఉంటుందని చెప్పగా మిత్రపక్షాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ సరేనన్నాడు. అప్పుడు వెనుకాడితే మళ్లీ అనుకూలమైన ఆటు జూన్ 18, 20ల మధ్యగానీ రాదు. 19న మొదలైన తుపానులో ఒమాహా దగ్గర కట్టిన కృత్రిమ రేవు ధ్వంసమైంది.

నాన్న