‘నీకెలా తెలుసు?’ అని అడిగే చదువు

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివాను. డిగ్రీలో తత్వశాస్త్రం ఇంకా ఎందుకు, వేదాంతం వినాలనుకుంటే గుళ్లో ప్రవచనాలు లేవా, ఆ సీట్లు కంప్యూటర్ కోర్సులకు ఇవ్వండి అని ఆయన వాదన. పిల్లల ఉద్యోగాల గురించి ఆయన పడుతున్న టెన్షన్ నాకు తెలుసు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మనవరాలు నాకూ ఉంది. కానీ తత్వశాస్త్రమంటే ప్రవచనం అనుకోవడం పొరపాటు. నేను ఆ సబ్జెక్టు కాలేజీలో చదవలేదు. 31 ఏళ్లు కోర్టు ఉద్యోగం చేశాను, అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కుగా. నాకు తత్వశాస్త్రం పరిచయమైంది అక్కడే, ఒక గడ్డివామి కేసులో.

1993 వేసవి. పొలం గట్టు తగాదా ఉన్న రెండు కుటుంబాలు. ఒకరి వామి రాత్రి తగలబడింది. సాక్షి ఒక పెద్దావిడ. దేవుడి మీద ప్రమాణం చేసి, ఫలానా అతను నిప్పు పెట్టి పారిపోతుంటే చూశానని చెప్పింది. ఎక్కడా తడబడలేదు. అవతలి వకీలు గొంతు పెంచకుండా అడిగాడు. “అమ్మా, నువ్వు లేచేసరికే వామి అంటుకుందా?” అంటుకుంది. “మనిషి కనిపించాడా?” పరుగెత్తుతూ కనిపించాడు. “మొహం చూశావా?” లేదు, వీపు. “వీపు చూసి అతనేనని నీకెలా తెలుసు?” ఆమె కాసేపు ఆగింది. “మా అబ్బాయి చెప్పాడు బాబూ. అయినా వాడు కాకపోతే ఇంకెవరు పెడతారు?” కేసు నిలవలేదు.

సాయంత్రం వరండాలో నా దగ్గరికొచ్చి, “అయ్యా, నేను అబద్ధం చెప్పానంటారా?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆమె అబద్ధమాడలేదు. చూసింది, విన్నది, ఊహించింది మూడూ ఆమె మనసులో ఒకే ముద్దయిపోయాయి. తాను చూశాననే నమ్మింది.

ఆ ప్రశ్న పట్టుకుని మా ఊళ్లో రిటైరైన ఒక సంస్కృతం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ తీశారు. అన్నంభట్టు 17వ శతాబ్దపు పండితుడు, మన ఆంధ్రదేశం వాడు. పిల్లలకు సుఖంగా బోధపడేందుకు రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. కోర్టు అయ్యాక సైకిల్ మీద వెళ్లి రోజుకో గంట, ఏడాదికి పైగా చదివాను.

నన్ను ముందు పట్టుకున్నవి మాటలు. కోర్టులో పొద్దస్తమానం నా నోట్లో నలిగే మాటలే అందులో ఉన్నాయి, అర్థాలు మాత్రం వేరు. మాకు ప్రమాణమంటే ఒట్టు. ఆ శాస్త్రంలో ప్రమాణమంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. మనకు అనుమానమంటే సందేహం. వాళ్లకు అనుమానమంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం. ఆప్తుడంటే మనకు అయినవాడు. అన్నంభట్టుకు ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు, అంతే. కోర్టులో అయినవాళ్ల సాక్ష్యాన్నే మరింత జాగ్రత్తగా తూచి చూస్తారు! ఆ రెండు అర్థాల మధ్య ఎంత దూరముందో ఆలోచిస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. చివరికి న్యాయం అనే మాట కూడా అంతే. గౌతమ మహర్షి (బుద్ధుడు కాదు) చెప్పిన న్యాయదర్శనం చట్టాల పుస్తకం కాదు, ఆలోచించి రుజువు చేసే పద్ధతి.

మనకు దేనివల్ల తెలుస్తుంది అనే ఈ విచారణే తత్వశాస్త్రంలో మొదటి పెద్ద శాఖ, జ్ఞానమీమాంస. నైయాయికులు, అంటే ఆ న్యాయదర్శనం వాళ్లు, నాలుగు ప్రమాణాలు ఒప్పుకున్నారు: ప్రత్యక్షం (స్వయంగా చూడటం, వినడం లాంటివి), అనుమానం, ఉపమానం (పోలికను బట్టి తెలుసుకోవడం), శబ్దం (ఆప్తుడి మాట). చార్వాకులు కంటికి కనబడేదే అన్నారు. బౌద్ధ తార్కికులు ప్రత్యక్షం, అనుమానం చాలన్నారు. అద్వైతులు ఆరు దాకా వెళ్లారు. ఒక్కో ప్రమాణం కోసం వందల ఏళ్లు వాదించుకున్నారు. 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ చెప్పేది కూడా ఇలాంటిదే. చూసిన సంగతైతే చూసినవాడే చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ నియమం అలాగే ఉంది. పెద్దావిడ విషయంలో మాట ఆగింది అక్కడే. ఆమె కొడుకు మాటను తన చూపులో కలిపేసింది.

రెండోది తర్కం. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది, వంటింట్లో చూశాం కదా అనేది పాత ఉదాహరణ. పొగ ఉన్నచోటల్లా నిప్పుండటాన్ని వ్యాప్తి అంటారు. తిప్పి చెప్పండి: నిప్పుంది కాబట్టి పొగ ఉంది. ఇది చెల్లదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండుకు పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టెలు తడిగా ఉండాలి. పైకి కనిపించకుండా నడిపించే ఇలాంటి షరతును వాళ్లు ‘ఉపాధి’ అన్నారు. ఇప్పుడు మనకు ఉపాధి అంటే ఉద్యోగం. ఆ పాఠకుడి వాదన చదివినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. కంప్యూటర్ కోర్సు చదివితే ఉద్యోగం అంటున్నారు. చదివినవాళ్లందరికీ వచ్చిందా? రాకపోతే మధ్యలో మనం చూడని షరతు ఒకటుంది. దాన్ని వెతకడం నేర్పేది ఆయన తీసేయమంటున్న సబ్జెక్టే.

పెద్దావిడ తర్కమూ ఇక్కడే జారింది. తగాదా ఉన్నవాడు నిప్పు పెడతాడు అనుకుంది. తగాదా ఉన్నవాళ్లందరూ పెట్టరు. ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో పరిస్థితుల గొలుసు తెగకుండా ఉండాలని, నిందితుడు నిర్దోషి అయ్యే అవకాశం మిగలకూడదని 1984లో సుప్రీంకోర్టు శరద్ బిర్దీచంద్ శారదా కేసులో చెప్పింది. ఆ తీర్పు ప్రతి చదువుతుంటే ఇది మాస్టారు చెప్పిన పాఠమేనని అనిపించింది.

అసలు వ్యాప్తిని ఎలా నమ్ముతాం, లోకంలోని పొగలన్నీ చూశామా అని చార్వాకులు అడిగారు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో డేవిడ్ హ్యూమ్ దాదాపు అదే ప్రశ్న వేశాడు. నిన్నటిదాకా జరిగింది రేపూ జరుగుతుందనడానికి ఆధారమేమిటని. దానికి తృప్తికరమైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇక పద్ధతుల సంగతి. తెలుగింట్లో పిల్లవాడు ఎదురు మాట్లాడితే ‘వితండవాదం చెయ్యకు’ అంటాం. గౌతముడు చర్చను మూడు రకాలు చేశాడు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కొట్టడం వితండం. టీవీ చర్చల్లో మొదటి రకం ఎన్నిసార్లు చూశామో పాఠకులే చెప్పాలి. నాగార్జునకొండకు పేరిచ్చిన బౌద్ధాచార్యుడు నాగార్జునుణ్ని నైయాయికులు వితండవాది అన్నారు. ఆయన ‘నాకు ప్రతిజ్ఞ అంటూ ఏదీ లేదు’ అన్నాడు. ఇక్కడ ప్రతిజ్ఞ అంటే శపథం కాదు, నిలబెట్టాల్సిన సొంత పక్షం. అన్నిటినీ ప్రమాణాలతో రుజువు చేస్తారు సరే, ఆ ప్రమాణాలను దేనితో రుజువు చేస్తారని అడిగాడు. పిల్లవాడు అలాంటి ప్రశ్న అడిగితే నోరు మూయించకూడదని నా మనవి. ఏథెన్సులో సోక్రటీసు పద్ధతి కూడా ప్రశ్నే. ఎదుటివాడి మాటల్లోంచే అతని మాటకు విరుద్ధమైంది బయటికి లాగేవాడు. మంచి క్రాస్ ఎగ్జామినేషన్ అలాగే ఉంటుంది. క్రీస్తుపూర్వం 399లో ఆయనకు విషం ఇచ్చి చంపిన తీర్పు కూడా కోర్టు తీర్పే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మూడో పెద్ద శాఖ తత్వమీమాంస. అసలు ఉన్నవేమిటి, వాటి స్వరూపమేమిటి అని అడుగుతుంది. గాల్లో మాటల్లా ఉంటుంది గానీ కాదు. మా దగ్గర ఒక కేసు 22 ఏళ్లు నడిచింది. నేరం నాటికి అతనికి 24, శిక్ష ఖాయమయ్యేసరికి 46. పెళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మనిషి పూర్తిగా మారిపోయాడు. ఆ రోజు చేసినవాడు, ఈ రోజు జైలుకెళ్లేవాడు ఒకడేనా? మిళిందుడనే గ్రీకు రాజుకు, నాగసేనుడనే భిక్షువుకు జరిగిన సంవాదంలో మామిడిపళ్ల దొంగ ఒకడు వస్తాడు. ‘ఇతను నాటిన మామిడి వేరు, నేను తీసుకున్న పళ్లు వేరు’ అంటాడు. అయినా శిక్ష తప్పదు, ఆ పళ్లు నాటినదాంట్లోంచే వచ్చాయి కదా అంటాడు రాజు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ మాటే ఆ రోజు నాకు కాస్త ధైర్యమిచ్చింది.

శిక్ష ఎందుకు వేయాలి అని అడిగితే అది నీతిశాస్త్రం. జర్మన్ తత్వవేత్త కాంట్, చేసిన తప్పుకే శిక్ష అన్నాడు. ఒక ద్వీపంలో జనమంతా విడిపోయి వెళ్లిపోతున్నా జైల్లో ఉన్న చివరి హంతకుణ్ని ముందు ఉరి తీయాల్సిందే అన్నాడు. ఇంగ్లండులో బెంథమ్, శిక్ష దానంతట అది చెడే, అంతకంటే పెద్ద చెడును ఆపితేనే అది సమంజసం అన్నాడు. నేను చాలాకాలం కాంట్ వైపున్నాను. ఆ 46 ఏళ్ల మనిషిని చూశాక బెంథమ్ వైపు మొగ్గాను. రాజ్యానికి ఆ అధికారం ఎక్కడిదని అడిగేది రాజకీయ తత్వం. అందం గురించి అడిగేది సౌందర్యశాస్త్రం. రసం, ధ్వని అంటూ మనవాళ్లు చేసిన ఆ చర్చను తెలుగు పండితులు నాకంటే బాగా రాయగలరు.

సంపాదకులు గారూ, నాదొక విన్నపం. మీ విద్యార్థుల పేజీలో వారానికి ఒక్క ప్రశ్న ఇవ్వండి. జవాబు ఇవ్వకండి, పిల్లల్ని రాయమనండి. ఎవరు ఏమనుకుంటున్నారన్నది కాక, ఎలా తెలిసిందో రాయమనండి. బాగున్నవి రెండు మూడు వేయండి. మొదటి ప్రశ్నగా ఆ పెద్దావిడది పెట్టండి: నిజమని నమ్మి చెప్పిన మాట నిజం కాకపోతే, అది అబద్ధమేనా? మా మనవరాలు ఇప్పటికే ఒకటిన్నర పేజీ రాసింది. నా అభిప్రాయం తప్పని అందులో వాదించింది. మీరు శీర్షిక మొదలుపెడితే పంపిస్తానంటోంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
నరసరావుపేట