ఆదివారం మన క్రికెట్ లైవ్ షో: ముందే చూసుకోవాల్సినవి

అందరికీ నమస్కారం. ఛానెల్‌లో లైవ్ ఆప్షన్ ఈరోజే ఆన్ చేద్దాం. మొదటిసారి యూట్యూబ్ దాన్ని తెరవడానికి 24 గంటల దాకా తీసుకోవచ్చు.

నెట్ దగ్గర డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోవద్దు, మనకు కావాల్సింది అప్‌లోడ్. 720పీ వీడియో క్వాలిటీకి 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) పెడుతున్నాం కాబట్టి నెట్ స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ కనీసం 6 నిలకడగా రావాలి.

మాట్లాడేవాళ్లందరికీ ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. స్పీకర్ పెడితే అవతలివాళ్ల గొంతు మళ్లీ మైకులోకి దూరి ఎకో వస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉంచండి. సూటిగా ఎదురుగా ఉంటే ‘ప’, ‘ఫ’ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్పుమంటుంది.

మ్యాచ్ క్లిప్పులు ఒక్క సెకను కూడా వద్దండీ. హక్కులు ప్రసారం చేసేవాళ్లవి, మన లైవ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. స్కోర్‌కార్డు చదివి చెప్పుకుంటే చాలు.

మ్యాచ్ చూడటానికి ఉప్పల్ స్టేడియానికి వెళ్లేవాళ్లకి: మెట్రో బ్లూ లైన్‌లో ‘స్టేడియం’ స్టేషన్‌లో దిగాలి, ఉప్పల్ స్టేషన్‌లో కాదు. మియాపూర్ వైపు నుంచైతే అమీర్‌పేటలో నాగోల్ రైలు ఎక్కండి. కార్డులో తిరుగు ప్రయాణానికి కూడా డబ్బులు ముందే వేసుకోండి, మ్యాచ్ అయ్యాక కౌంటర్ దగ్గర జనం కిక్కిరిసిపోతారు. అప్పుడు ఫోన్ సిగ్నల్ కూడా మొరాయిస్తుంది. అందుకే స్టేడియం దగ్గర్నుంచి లైవ్‌లోకి రావద్దు. బయటికొచ్చి రెండు నిమిషాల వాయిస్ రికార్డు చేసుకుని, తార్నాక దాటాక పంపండి.