కలెక్టర్ గారూ, ఒక్కసారి మా రచ్చబండకు రండి
గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

మాది పద్మనాభం మండలం. ఎకరంన్నర కౌలుకి చేస్తున్నాను. నారు పోశాక వాన మొహం చాటేసింది, మడి నెర్రెలిచ్చింది.

2022-26 విపత్తు నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన పోతే వర్షాధార భూమికి హెక్టారుకి 8,500 రూపాయల సాయం. అంటే ఎకరానికి సుమారు 3,400. దుక్కి, దమ్ము, ఊడ్పు కూలి... సరే, అది వేరే సంగతి.

ఆ కాస్తయినా నా చేతికి రావాలంటే ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంట నమోదులో, నా పేరుండాలి, కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రం ఉండాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం 11 నెలలకే. దానికీ యజమాని సంతకం కావాలి. ఆయనకేమో భూమి పోతుందని టెన్షన్! ఆ పత్రంతో భూమి మీద ఏ హక్కూ రాదని నేను చెబితే నమ్మడు. మీరొచ్చి చెప్పండి సార్, నాట్లకు ముందే.

ఇట్లు,
ఒక కౌలు రైతు