సద్దుల నాటికి కాదు, ఎంగిలిపూల నాటికే ఊరు చేరాలి

సంపాదకులకు,

దసరా సెలవులు ప్రకటించగానే పత్రికల్లో రెండే వార్తలు కనిపిస్తాయి. ఆర్టీసీ ఎన్ని స్పెషల్ బస్సులు వేస్తుందన్నది ఒకటి, ఏ రైలుకు ఎంత వెయిటింగ్ లిస్టు ఉందన్నది ఇంకొకటి. రెండూ పండుగ చివరి రెండు రోజుల గోలే. బడులకు సెలవులు మాత్రం అంతకు వారం ముందే మొదలవుతాయి. 2025లో తెలంగాణ బడులకు సెప్టెంబరు 21 నుంచి సెలవులిచ్చారు. సరిగ్గా అదే రోజు పెత్రమాస (భాద్రపద అమావాస్య), తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగలో మొదటిదైన ఎంగిలిపూల బతుకమ్మ. అయినా చాలామంది పిల్లలు ఆ వారమంతా పట్నంలో టీవీ ముందు కూర్చుని, చివరిదైన సద్దుల బతుకమ్మకు ముందురోజు బస్సులో నిలబడి ఊరు చేరుతున్నారు. చేరేసరికి పూలు ఏరడం, పేర్చడం అన్నీ అయిపోయి ఉంటాయి. వాళ్లకు మిగిలేది కొత్త బట్టలు, ఫొటోలు. ఈసారైనా ముందు వెళ్లండని తల్లిదండ్రులను కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

తల్లిదండ్రులిద్దరికీ తొమ్మిది రోజులు సెలవు దొరకదన్నది నిజమే. అందరూ ఒకేసారి కదలాలని మాత్రం ఎవరన్నారు? పిల్లలు అమ్మతోనో నాయనమ్మతోనో మొదటి రోజే వెళ్లి, మిగిలినవారు చివర్లో చేరుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి హనుమకొండకు, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి కరీంనగర్‌కు మొదటి రెండు రోజులు సీటు దొరికినంత తేలిగ్గా అష్టమి ముందు దొరకదు. పైగా పండుగ స్పెషల్ బస్సుల్లో టికెట్టు ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేస్తారు. మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు, ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే జీరో టికెట్టు, అంటే ఉచిత ప్రయాణం. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బు కట్టాల్సిందే. ఆధార్ కార్డు అసలుది దగ్గర ఉంచుకుంటే కండక్టరుతో వాదన తప్పుతుంది.

రైలుకు రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబరు నుంచి ఈ మార్పు వచ్చింది. సెప్టెంబరు మూడోవారం ప్రయాణమైతే జూలై మూడోవారంలోనే చూసుకోవాలి. స్లీపరులో ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. చాలామంది సగం టికెట్టు తీసుకుని, రాత్రి ప్రయాణంలో పదేళ్ల పిల్లను ఒళ్లో పడుకోబెట్టలేక అవస్థ పడతారు. తిరుగు ప్రయాణం దసరా మర్నాడు పెట్టుకోకుండా, బడి తెరిచే ముందు రోజు కూడా కాకుండా చూసుకుంటే మంచిది.

బస్సులో పిల్లలకు వాంతులవుతాయని పస్తుంచి ఎక్కిస్తారు. ఖాళీ కడుపున వికారం ఇంకా పెరుగుతుంది. బయలుదేరే గంటన్నర ముందు రెండు ఇడ్లీలు పెట్టి, వెనక చక్రాల మీద సీటు కాకుండా ముందువైపు కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతిలోంచి ఫోను తీసేస్తే సగం బాధ తగ్గుతుంది.

సద్దులు ఎప్పుడన్నది ఊరికి ఫోను చేసి అడగడం మరవొద్దు. అన్ని ఊళ్లలో ఒకే రోజు ఆడరు. వేములవాడలో ఏడో రోజుకే సద్దులు ముగిస్తారు. తిథి రెండు రోజుల మీద పడ్డ ఏడాది పక్కపక్క ఊళ్లే వేర్వేరు రోజుల్లో చేసుకుంటాయి. క్యాలెండరు చూసి బయలుదేరిన వాళ్లు ఊరు చేరేసరికి చెరువు కట్ట ఖాళీగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక పిల్లల పని. ఎంగిలిపూల నాటి బతుకమ్మ చిన్నది. పిల్లలు సొంతంగా పేర్చదగ్గది అదే. తొమ్మిదో రోజు పెద్ద బతుకమ్మ దగ్గర పిల్లల చేతులకు చోటుండదు, పెద్దవాళ్లకు ఓపికా ఉండదు. మొదటి రోజు చిన్నది పేరిస్తే, తొమ్మిదో రోజుకు వాళ్లే కట్టలు కట్టి అందించేంత నేర్చుకుంటారు.

బతుకమ్మకు వాడే గునుగు పూలు కోయడానికి పొద్దున్నే వెళ్లాలి. వానాకాలం చివర గట్ల మీద గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, పాములుంటాయి. బూట్లు, చేతిలో కర్ర, వెంట పెద్దవాళ్లు లేకుండా పిల్లలను పంపకూడదు. ఈ రోజుల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. రైతు దృష్టిలో గునుగు కలుపు మొక్క. గట్ల మీద కలుపు మందు, పత్తి మీద పురుగుమందు కొడతారు. గునుగు దొరకడం తగ్గిపోవడానికి ఒక కారణం ఈ కలుపు మందే. ఆ చేను ఎవరిదో కనుక్కుని, ఈమధ్య మందు కొట్టారా అని అడిగాకే దిగాలి. ఇంటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగించాలి. తంగేడు రాళ్ల నేలల్లో, గుట్టల పక్కన దొరుకుతుంది. పూల గుత్తి వరకే కత్తిరిస్తే పొద మళ్లీ పూస్తుంది. కొమ్మలు విరుచుకుపోవద్దు. కోసిన తంగేడు మధ్యాహ్నానికే వాడుతుంది కనుక తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టాలి. గునుగు పొడిపువ్వు, రెండు రోజులైనా నిలుస్తుంది. అందుకే ముందురోజు గునుగు, ఆ రోజు తంగేడు కోసుకోవడం మేలు.

గునుగుకు ఆకులు దూసి, పది పన్నెండు కాడలు కలిపి దారంతో కట్టి, కాడలన్నీ బెత్తెడు పొడవుకు సమంగా కత్తిరించాలి. ఒక కట్ట పొడవుగా, ఒకటి పొట్టిగా ఉంటే మూడో వరుసకే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. రంగు అద్దాలంటే వేడినీళ్లలో కలిపి పూల కొసలు మాత్రమే ముంచి, గట్టిగా విదిలించి, నీడలో కనీసం రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. తొందరపడి తడిగా పేరిస్తే ఎరుపు కారి కింది పసుపు వరుసంతా పాడవుతుంది. బజారు రంగు చెరువు నీటికి మంచిది కాదు, పిల్లల చేతులకూ మంచిది కాదు. పసుపు నీళ్లు చక్కటి పసుపుపచ్చ రంగు ఇస్తాయి. అందులో చిటికెడు సున్నం వేస్తే ఎరుపుకు తిరుగుతుంది, కానీ సున్నం కళ్లలో పడితే ప్రమాదం. ఆ పని పెద్దవాళ్లే చేయాలి. రంగు వేయని తెల్ల గునుగు మధ్యలో ఒక వరుస ఉంటేనే మిగతా రంగులు తేలి కనిపిస్తాయన్నది అనుభవజ్ఞులైన ఆడవాళ్లు చెప్పే మాట. మా అభిప్రాయమూ అదే.

చిన్న బతుకమ్మకు అడుగు వెడల్పు సిబ్బి గానీ తాంబాలం గానీ చాలు. అడుగున గుమ్మడాకులో, ఆముదపాకులో పరిచి, చుట్టూ తంగేడు మొదటి వరుస పెట్టాలి. కాడలు లోపలికి, పువ్వులు బయటికి. ఒక్కో వరుస పెట్టగానే మధ్యలో ఖాళీని ఆకులతో, కత్తిరించిన కాడలతో నొక్కి నింపాలి. పిల్లలు మరిచేది ఇదే. చుట్టూ అందంగా పేర్చి మధ్యలో బోలుగా వదిలేస్తారు. ఎత్తుకోగానే అంతా లోపలికి కూలుతుంది. పై వరుస కింది వరుస కన్నా వేలెడు లోపలికి జరగాలి. గునుగు, బంతి, కట్ల పువ్వు, చామంతి ఇలా మార్చుకుంటూ ఆరేడు వరుసలు వచ్చాక పైన గుమ్మడి పువ్వు, తమలపాకులో పసుపు గౌరమ్మ. పసుపు ముద్దకు నీళ్లు ఎక్కువైతే గౌరమ్మ నిలవదు, చెంచాతో కొద్దికొద్దిగా కలపాలి.

బడుల వారికి ఒక మాట. సెలవులకు ముందురోజు బడుల్లో బతుకమ్మ పోటీలు పెట్టి ఎత్తుకు బహుమతి ఇస్తున్నారు. ఎత్తు కొలిస్తే లోపల థర్మకోల్ దిమ్మ, పైన కాగితం పూలు వస్తాయి. పేర్చేది పిల్ల కాదు, వాళ్లమ్మ. ఎన్ని రకాల పూలు తెచ్చారు, వాటి పేర్లు చెప్పగలరా, ఎత్తి నాలుగు అడుగులు నడిస్తే నిలుస్తుందా అన్నవి చూసి బహుమతి ఇవ్వండి. సెలవుల హోంవర్కు పేజీలు తగ్గించి, పేర్చిన ప్రతి రకం పువ్వునూ ఒక్కొక్కటి పుస్తకంలో నొక్కిపెట్టి తెమ్మనండి.

నైవేద్యంలోనూ పిల్లలకు చేతనయ్యే పని ఉంది. మలీదకు నాలుగు గోధుమ రొట్టెలకు ఒక కప్పు తరిగిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి లెక్క. రొట్టె గోరువెచ్చగా ఉండగానే తుంచి బెల్లంతో కలిపి నలపాలి. చల్లారితే బెల్లం పట్టదు, ముద్ద కట్టదు. జొన్నరొట్టెతో చేస్తే నెయ్యి ఇంకొంచెం పడుతుంది. పల్లీలు వేయించి పొట్టు తీయడం ఆరేళ్ల పిల్లకూ అప్పగించొచ్చు, వేయించే పని తప్ప.

తొమ్మిది రోజుల్లో ఆట లేనిది ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. కుటుంబమంతా ఎక్కడికైనా వెళ్లాలంటే ఆ రోజే అనువు. వరంగల్ చుట్టుపక్కల వారికి సుమారు 70 కిలోమీటర్లలో పాలంపేట రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుక నీటిలో తేలుతుందని చెబితే పిల్లలు గంటసేపు ప్రశ్నలడుగుతారు. పొద్దున్నే వెళ్తే నల్లరాతి మదనికల (నాట్యగత్తెల శిల్పాల) మీద ఎండ తీవ్రంగా ఉండదు. చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాతిపలకలు కాలతాయి. బొగత జలపాతం కూడా చేర్చుకుందామనుకునే వారు, ఆ రోజుల్లో నీటి ఉధృతి ఎక్కువని, పిల్లలతో నీళ్లలోకి దిగొద్దని గుర్తుంచుకోవాలి. విజయవాడ ఇంద్రకీలాద్రికి వెళ్లేవారు మూలా నక్షత్రం రోజు చంటిపిల్లలతో వెళ్లకపోవడమే నయం. సరస్వతీ అలంకారం కోసం ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. తిరుమలలో బ్రహ్మోత్సవాల రోజుల్లో చంటిపిల్లల తల్లిదండ్రులకు ఉండే ప్రత్యేక దర్శనం నిలిపేస్తారు. అది ఉందనుకుని వెళ్లి క్యూలో ఇబ్బంది పడొద్దు. ఎక్కడికి వెళ్లినా పిల్లల జేబులో పేరు, ఊరు, రెండు ఫోను నంబర్లు రాసిన కాగితం ఉండాలి. ఒక్కటే నంబరు రాస్తే ఆ గుంపులో అదే కలవదు.

నిమజ్జనం దగ్గర జాగ్రత్త అవసరం. ఆ కాలానికి చెరువులు నిండి ఉంటాయి. మెట్లకు నాచు పట్టి జారుతాయి. మట్టి కోసం తవ్విన గుంతలు నీటికింద కనబడవు. పిల్లలు కట్ట మీదే ఆగాలి, ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురే నీటిలోకి దిగాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు లైట్లు, తాళ్లు, గజ ఈతగాళ్ల ఏర్పాటు సద్దుల రోజుకే పెడుతున్నాయి. మొదటి రోజు నుంచీ పిల్లలు చెరువు దగ్గరికి వస్తారు కనుక మొదటి రోజు నుంచే లైట్లు వెలగాలి.

దసరా రోజు విషయం ఒక్కటి. జమ్మి ఆకు ఇంటికి పిడికెడు చాలు, కొమ్మలు విరవక్కర్లేదు. పాలపిట్టను పంజరంలో పెట్టి వీధుల్లో చూపి డబ్బులు అడిగేవారు వస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం నేరం. డబ్బులిస్తే వచ్చే ఏడు ఇంకో పిట్టను పట్టుకొస్తారు. పొద్దున ఏడింటికి పొలాల వైపు నడిచి కరెంటు తీగలు చూడండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కనిపించి గుర్తుపట్టలేరు. ఎగిరినప్పుడే రెక్కల్లో నీలం తెరుచుకుంటుంది. ఎగిరేదాకా ఆగమని పిల్లలకు ముందే చెప్పాలి.

— పాఠకులు, హనుమకొండ