పెట్టె వెనక్కి తిప్పి చదువు తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మన బుజ్జిగాడు ఎత్తు కుర్చీలో కూర్చుని అరటిపండు ముక్కను పిడికిట్లో బిగించాడు. అది వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే, ఎక్కడికి పోతోందా అన్నట్టు చేతినే చూసుకున్నాడు. చివరికి కొంచెం నోటికి చేరింది, మిగిలింది చెంపలకు అంటింది. ఎనిమిదో నెలలోనే వాడి తిండి వాడి చేతికి వదిలిపెట్టావు. నాకు ఆ ధైర్యం ఉండేది కాదు. నువ్వు చేస్తున్నది మంచి పని.

ఆ వీడియోలోనే నీ వెనక బల్ల మీద రంగురంగుల సిరియల్ పెట్టె, అదే పాలల్లో వేసి పెట్టే ధాన్యపు ఫ్లేక్స్ పెట్టె ఒకటి కనిపించింది. ఫోనులో చెబితే తప్పుపట్టినట్టు వినిపిస్తుందేమోనని ఉత్తరం రాస్తున్నాను.

నీకు మూడేళ్లు నిండకముందే పై వరుసలో రెండు పాలపళ్లు పుచ్చిపోయాయి. పళ్ల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పొద్దున్నే ఏం పెడుతున్నారని. రోజూ పాలల్లో నానబెట్టి పెట్టిన ఆ తీపి ఫ్లేక్స్ గురించి ఎంతో గర్వంగా చెప్పాను. పెట్టె ముందువైపు విటమిన్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండేవి, వాటిని నమ్మాను. వెనక్కి తిప్పి చదవాలని నాకు తోచలేదు. ఆ రోజు కుర్చీలో నువ్వు నోరు తెరవనని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

వెనకవైపు పోషకాల పట్టికలో రెండు వరుసల అంకెలుంటాయి. ఒకటి ఒక్కసారి వడ్డించే మోతాదుకు, ఇంకొకటి 100 గ్రాములకు. మొదటి దాన్ని వదిలెయ్యి. మోతాదు ఎంతో తయారుచేసేవాళ్లే రాసుకుంటారు కాబట్టి, అది చిన్నదైతే చక్కెర కూడా తక్కువగా కనిపిస్తుంది. 100 గ్రాముల వరుసలో చక్కెర 5 గ్రాములు దాటకపోతే తక్కువ అనీ, 22.5 గ్రాములు దాటితే ఎక్కువ అనీ బ్రిటన్‌లో లేబుళ్ల మీద గుర్తులు వేసే లెక్క. నీకూ ఆ లెక్క చాలు. మొన్న నేను 100 గ్రాములకు 28 గ్రాముల చక్కెర ఉన్న ఫ్లేక్స్‌ను 30 గ్రాములు తూచి పళ్లెంలో పోశాను. పక్కన అందులో ఉండే చక్కెరను విడిగా పోశాను. రెండు టీస్పూన్లకు పైనే అయింది. పలచటి ఫ్లేక్స్ పక్కన ఆ తెల్లటి కుప్పను చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మన బుజ్జిగాడు అంత తినడు, నిజమే. కానీ వాడు తినే నాలుగు పలుకుల్లో ఒక పలుకు చక్కెరే అయితే, ఆ చిన్న పొట్టలో అసలు తిండికి చోటెక్కడిది?

తరువాత పదార్థాల జాబితా చదువు. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాస్తారు. చక్కెర అన్న మాట పైన కనిపించకపోయినా సంబరపడకు. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ సారం, ఖర్జూరం సిరప్, పండ్లరసం గాఢద్రవం అని నాలుగైదు పేర్లుగా చీలి కింద కూర్చుంటుంది. పండు నుంచి వచ్చినా, సిరప్‌గానో రసంగానో మారాక పళ్లకు అదీ చక్కెరే. తేనె ఉన్న పెట్టె అయితే ఏడాది నిండేదాకా ఇంట్లోకే రానీకు. తేనెలో ఒక్కోసారి ఉండే సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి. ఒక్కటి మాత్రం చూసి భయపడకు. పాలపొడి కలిసినవాటిలో పాలకు సహజంగా ఉండే చక్కెర వల్ల మొత్తం అంకె పెరుగుతుంది. అక్కడ అంకెను కాదు, జాబితాను నమ్ము. ఉప్పు కూడా చూడు. ఏడాదిలోపు పిల్లలకు రోజంతటికీ 1 గ్రాము కూడా అవసరం లేదు, కొన్ని ఫ్లేక్స్‌లో మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

అయితే పెట్టెలన్నీ పారెయ్యమని కాదు. ఆరు నెలలు దాటాక పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు తగ్గిపోతాయి, తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. ఏడు నుంచి పన్నెండు నెలల పిల్లలకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికా నిపుణుల సిఫారసు. ఎదిగిన మగవాడికి 8 చాలు! అందుకే ఇనుము చేర్చిన, తీపి లేని సిరియల్ వాడికి నిజంగా ఉపయోగపడుతుంది. పక్కన నారింజ తొనో, స్ట్రాబెర్రీ ముక్కో పెడితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. బియ్యపు సిరియల్ ఒక్కటే రోజూ పెట్టకు. వరి నేల నుంచీ నీటి నుంచీ ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఓట్స్, గోధుమ, బార్లీ మార్చిమార్చి పెట్టు.

వాడి చేతికి ఎలా ఇవ్వాలని కదా నీ బెంగ? మూడు చెంచాల సన్నటి ఓట్స్‌లో మూడు చెంచాల నీ పాలు పోసి, నానాక చదునుగా ఒత్తి, గట్టిపడేదాకా వేడి చెయ్యి. చల్లారాక వేలెడంత ముక్కలుగా కోస్తే పిడికిట్లో ఇమిడిపోతాయి. మామూలు ఆవుపాలు కూడా ఇలా వంటలో కలపవచ్చు, తాగించడం మాత్రం ఏడాది నిండాకే. చిక్కటి జావ అయితే చెంచాకు అంటించి చెంచానే చేతికివ్వు. వేలూ బొటనవేలూ కలిపి చిన్న పలుకులు ఏరుకోవడం తొమ్మిదో నెల ప్రాంతంలో వస్తుంది. అప్పటికీ ఏదైనా ఇచ్చే ముందు నీ రెండు వేళ్ల మధ్య నొక్కి చూడు. మెత్తగా నలిగితేనే వాడికి. ఓట్స్‌ను తీపితో కలిపి కాల్చిన గట్టి గ్రానోలా ఉండలు, గింజలు, ఎండుద్రాక్ష ఇప్పుడు వద్దు. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, పక్కన నువ్వుండాలి. ఓకరిస్తే, దగ్గితే కంగారుపడకు, అది వాడి గొంతు తనను తాను కాపాడుకోవడం. శబ్దమే రాకపోతే అప్పుడు క్షణం ఆలస్యం చెయ్యకూడదు. పసిపిల్లలకు ఊపిరాడనప్పుడు వీపు మీద ఎలా తట్టాలో అల్లుడుగారూ నువ్వూ ఇద్దరూ నేర్చుకోండి.

తీపి లేకపోతే తినడేమోనన్న దిగులు పెట్టుకోకు. మొదటిసారి ముఖం చిట్లిస్తాడు, రెండోసారి కింద పడేస్తాడు. ఒకే రుచి ఎనిమిది, పదిసార్లు ఎదురుపడితే గానీ పిల్లలకు దానితో చనువు ఏర్పడదు. ఏం పెట్టాలో నీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర ఎక్కువున్న తిండి పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది.

ఆ బల్ల మీది పెట్టె వెనకవైపు ఫోటో తీసి పంపు. రాత్రి వాడు పడుకున్నాక ఇద్దరం కలిసి చదువుదాం.

అమ్మ